మొగ్గు చూపిన చెయ్యి

తలుపు తెరుచుకునేసరికి ఓబుళమ్మ నవ్వుతూ ఉంది.

ఆ నవ్వు కోసం సుంకన్న పదకొండు నెలలు కాచుకున్నాడు. తీరా చూస్తే అది అతన్ని చూసి వచ్చిన నవ్వు కాదు. వెనకాలే వస్తున్న తిప్పేస్వామి ఏదో అన్నాడు. దానికి వచ్చిన నవ్వు.

“ఏందంత నవ్వు?” అన్నాడు సుంకన్న.

“ఏం లేదు మామా. పొద్దున లోపలికి పోయేటప్పుడు ఈయప్ప ఒగ మాట అనె కదా, నువ్వూ ఈడనే ఉంటివి. అదే మళ్లీ అన్న్యాడు.”

సుంకన్నకు ఆ మాట గుర్తు లేదు. ఆమెకు అది ఈ పొద్దుటి మాట. అతనికి పోయిన ఏటి శ్రావణంలో మాట. మధ్యలో ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచాయి. ఒక దవడ పన్ను ఊడింది. కళ్లజోడు వచ్చింది.

“బాగుండావా బావా? మీసానికి సున్నమేమన్నా తగిలిందా?” అన్నాడు తిప్పేస్వామి.

ఓబుళమ్మ మళ్లీ నవ్వింది. సుంకన్న తలుపు గడియ వేసి, పలక మీద తేదీ రాసుకున్నాడు. అతనికి మూడో తరగతి చదువు. తేదీ రాయడానికి అది చాలు.

గవికొండ కడుపులో తొలిచిన ఆ గదిలో ఉన్నది ఒక తక్కెడ. ఇరవై అడుగుల అడ్డకడ్డీ, రెండు చివర్లా రెండు చిప్పలు, నడుమ ముల్లు. వేరుశనగ మండీలో సుంకన్న తూకం వేసిన కాటాకూ దానికీ పెద్ద తేడా లేదు. ఇది తూచేది మాత్రం కృష్ణబిలాలను.

ప్రతి పెద్ద గెలాక్సీ నడుమా ఒక నల్లగుంత ఉంటుంది. వెలుతురును కూడా మింగేస్తుంది కాబట్టి కంటికి కనబడదు. చుట్టూ నక్షత్రాలు ఎంత జోరుగా తిరుగుతున్నాయో చూసి, గుంత బరువు ఇంత అని లెక్కగట్టేవాళ్లు. మన గెలాక్సీ నడిమి గుంత నలభై మూడు లక్షల సూర్యుల బరువని అట్లాగే తేల్చారు. దూరపు గెలాక్సీల్లో నక్షత్రాలు విడివిడిగా కనబడవు. అక్కడ లెక్కలన్నీ ఉజ్జాయింపే. ఆకాశం లెక్కలు చదివిన హైమవతి మేడం ఆ ఉజ్జాయింపు మీద విసుగెత్తి ఒక దారం తయారుచేసింది. దాన్ని ఏ గెలాక్సీ వైపు తిప్పితే ఆ గెలాక్సీ నడిమి గుంత లాగుడుకే బిగుసుకుంటుంది. దారాన్ని ఒక చిప్పకు కట్టి, రెండో చిప్పలో గింజలు వేస్తూ పోతే గుంత బరువు తేలుతుంది. మోటారు పెడితే అదురుకు ముల్లు నిలవదు. మనిషి చెయ్యే కావాలి. అందుకే మేడం చదువుకున్నవాళ్లను వదిలేసి, చెయ్యి కుదిరినవాళ్లను వెతుక్కుంటూ మండీలకూ నగల అంగళ్లకూ వచ్చింది.

చిక్కల్లా ఒకటే. దారం బిగిస్తే ఆ గుంత కాలం గదిలోకి దిగుతుంది. గుంత ఎంత బరువైతే లోపల కాలం అంత నెమ్మది. ముప్పై నిమిషాల పని చేసి బయటికొస్తే నెలలు గడిచి ఉంటాయి.

పదిహేడేళ్ల కిందట మొదటి తూకానికి ఆ గదిలోకి పోయింది మొగుడూ పెళ్లాలు ఇద్దరే. అప్పుడు సుంకన్నకు ముప్పై రెండు, ఓబుళమ్మకు ముప్పై. ఆమె నగల అంగట్లో పరదా వెనక కూర్చుని గురిగింజలతో బంగారం తూచిన మనిషి. దారం చిప్ప ఆమెది. గింజల చిప్ప అతనిది. మూడు తూకాలు అట్లా వేశారు. బయటికొచ్చేసరికి లోకం రెండేళ్లు ముందుకుపోయింది. ఇద్దరూ కలిసే వెనకబడ్డారు కాబట్టి అది పెద్ద నష్టంగా తోచలేదు. కొత్త బస్సులు చూసి, కొత్త సినిమా పాటలు విని పిల్లల్లా ఆశ్చర్యపోయారు. వాళ్ల లెక్కకు మూడు నెలలే అయిన ఆ కాలం సుంకన్నకు బతుకులో బంగారం.

వాళ్ల నాలుగో నెలలో మేడం అతన్ని పిలిపించింది.

“సుంకన్నా, మన గెలాక్సీ గుంత నలభై మూడు లక్షలు కదా. నువ్వు తూస్తే నలభై నాలుగు వచ్చింది. మిగిలిన రెండూ కూడా పైకే పోయాయి. ఎప్పుడూ ఒకే పక్కకు. చెయ్యి ఎక్కడ తప్పుతోందో చెప్పు.”

సుంకన్నకు వెంటనే తెలిసింది. మండీలో సరిసమంగా తూచేవాడిని పిసినారి అంటారు. ముల్లు నిలిచాక ఇంకో పిడికెడు వేసి, గింజల చిప్ప కాస్త కిందికి వాలితేనే అది ధర్మమైన తూకం. దాన్ని మొగ్గు అంటారు. పద్నాలుగేళ్ల వయసు నుంచి మొగ్గు వేసిన చెయ్యి. మెదడు వద్దన్నా వేళ్లు ఆఖరి గింజను వదిలేసేవి.

“నేర్చుకుంటా మేడం.”

“మూడుసార్లు చెప్పాను నాయనా.”

అట్లా అతన్ని తలుపు దగ్గరికి మార్చారు. తలుపు కాపలా, గింజలు తుడిచి పెట్టెలో సర్దడం, తేదీ రాయడం. అతని చోటులోకి రాయదుర్గం నుంచి తిప్పేస్వామి వచ్చాడు. అతనూ నగల అంగడి చెయ్యే. అప్పటికి ఇరవై నాలుగేళ్లు. పెళ్లాం కాన్పులో పోయింది. నెలల బిడ్డను కొండ కింద ఊళ్లో అక్క చేతిలో పెట్టి పనిలో చేరాడు.

ఆ రోజు నుంచి లెక్క తిరగబడింది. ఇప్పుడు సుంకన్నకు నలభై ఏడు. ఓబుళమ్మకు ముప్పై మూడు. తిప్పేస్వామికి ఇరవై ఏడు.

తూకానికీ తూకానికీ మధ్య నెలా రెండు నెలలు ఆమె ఇంట్లో ఉండేది. కొండ మీద క్వార్టర్లు. వంటింట్లోకి పోగానే, “ఉప్పు డబ్బా యాడ పెట్టినావు? నిన్న ఈడనే ఉన్న్యది కదా” అనేది. అతను ఆ డబ్బా పగిలి ఆరు నెలలైందని చెప్పేవాడు కాదు. కొత్తది తీసి ఇచ్చేవాడు.

ఒక తడవ ఇద్దరూ కదిరి తిరునాళ్లకు పోయారు. బస్సులో కండక్టర్ టికెట్లు చింపుతూ, “పెద్దాయనా, బిడ్డకు కిటికీ పక్కన సీటుంది, పొమ్మను” అన్నాడు.

ఓబుళమ్మ గట్టిగా నవ్వింది. “బిడ్డ కాదప్పా. పెండ్లాన్ని!”

బస్సంతా వెనక్కు తిరిగి చూసింది. “ముసిలాయన గట్టోడే” అని ఎవడో వెనక సీట్లో గొణిగాడు. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. సుంకన్న మాత్రం కిటికీలోంచి బీడు భూములు చూస్తూ కూర్చున్నాడు. అదే నవ్వు తిప్పేస్వామి పక్కన కూర్చుని నవ్వి ఉంటే, బస్సులో ఒక్కడూ తిరిగి చూసేవాడు కాదు. ఆ ఆలోచన పంటి కింద రాయిలా తగిలింది. తీయబోతే ఇంకా లోపలికి పోయింది.

తిప్పేస్వామి చెడ్డవాడు కాదు. అదే సుంకన్నకు కష్టం. చెడ్డవాడైతే ఒక తన్ను తన్ని ఊరుకునేవాడు. ఓబుళమ్మను నోరారా అక్కా అంటాడు. బయటికి రాగానే కొండ దిగి కూతురు మల్లీశ్వరి దగ్గరికి పరిగెత్తుతాడు. తిరిగొచ్చి, “బావా, నా బిడ్డ నా భుజం దాటింది! నిన్న చంకదాకా ఉన్న్యది!” అని చెప్పి, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటాడు.

సుంకన్న మనసు అదేదీ లెక్కలోకి తీసుకోలేదు. అతని లెక్క వేరే. ఓబుళమ్మకు ‘నిన్న’ ఏదో తిప్పేస్వామికీ ‘నిన్న’ అదే. ఆ ఇద్దరిదీ ఒకే పొద్దు, ఒకే సందెవేళ. తాను మాత్రం వాళ్ల నిన్నకూ నేటికీ మధ్య పడి ముసలివాడవుతున్నాడు. పరాయి మగవాడు పెళ్లాం చెయ్యి పట్టుకుంటే పంచాయితీ పెట్టొచ్చు. పెళ్లాం కాలం పంచుకుంటే ఎవరి దగ్గర పెట్టాలి?

ఆ ఏడు శ్రావణంలో మేడం ముగ్గురినీ కూర్చోబెట్టింది. ఆమెకు అప్పటికే అరవై దాటాయి.

“ఇదొక్కటి తూస్తే నా పని అయిపోతుంది. కన్యారాశి దిక్కున పెద్ద గెలాక్సీ. ఆరువందల కోట్ల సూర్యులని కొందరు, తొమ్మిది వందలని కొందరు. అందరూ ఊహించేవాళ్లే. తూచినవాళ్లు లేరు.” ముగ్గురి వంకా చూసింది. “లోపల ఒక నిమిషమైతే బయట వంద రోజులు. ముప్పై నిమిషాలు పడుతుంది. ఎనిమిదేళ్లు పైనే. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. తప్పు పట్టను.”

తిప్పేస్వామి వేళ్ల మీద లెక్క వేశాడు. “నా బిడ్డకు పద్నాలుగు. నేనొచ్చేసరికి ఇరవై రెండయితాది. నాకిరవై ఏడు. ఇంకా అయిదేండ్లు నేనే పెద్ద.” తల ఊపాడు. “ఇదొక్కటే మేడం. ఇంగ దీని తరవాత లోపలికి రాను. మళ్లొగసారి పోతే బిడ్డ నాకు అక్క అయితాది.”

ఓబుళమ్మ ఏ లెక్కా వేయలేదు. “పోతాను” అంది.

ఇద్దరూ ఇంటికొచ్చారు. మాట్లాడడం సుంకన్నకు ఎప్పుడూ బరువే. ఆమె రాగి సంకటి కెలికి పళ్లెంలో పెట్టాక నోరు తెరిచాడు.

“నువ్వొచ్చేసరికి నాకు యాభై అయిదు.”

“తెలుసు.”

“మానుకోరాదా?”

ఆమె తెడ్డు కింద పెట్టింది. “మామా, నువ్వు శెనక్కాయలు తూచినావు. నేను పరదా వెనక కూచోని ఊరోళ్ల నగలు తూచినా. ఎవురైనా అడిగినారా తూచిందెవురని? ఇప్పుడు సూర్యుల్ని తూస్తాండా. కోట్ల సూర్యుల్ని, ఈ రెండు చేతుల్తో. దీన్ని ఇడిసిపెట్టి యాడికి రమ్మంటావు?”

“వాడున్న్యాడని పోతాండావు.”

ఆ మాట జారాక వెనక్కి తీసుకోవాలనిపించింది. ఓబుళమ్మ అతని ముఖం వంక చూసి, పళ్లెం ముందుకు జరిపింది.

“తిను. సల్లారితే గట్టిపడతాది” అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి ఆ తర్వాత చాలా ఏళ్లు అనిపించింది.

మర్నాడు గింజలు తుడిచే పని. నూరు కోట్ల సూర్యులకు ఒక పెద్ద గింజ, పది కోట్లకు నడిమి గింజ, కోటికి చిన్న గింజ. తెల్లటి లోహం. చేత్తో ముట్టకూడదు, పట్టకారుతో తీయాలి. సుంకన్న ఒక పెద్ద గింజను తిప్పి, దాని అడుగున తేనెమైనం అంటించాడు. ఆవగింజలో సగం కూడా లేదు. కంటికి ఆనదు.

ఆలోచన చిన్నదే. బరువు తప్పొస్తుంది. తన తూకం తప్పని మేడంకు ఎట్లా తెలిసిందో ఇదీ అట్లాగే తెలుస్తుంది. తిప్పేస్వామి చెయ్యి కూడా వంకరే అని తేలుతుంది. తనను తీసినట్టే వాణ్నీ తీసేస్తారు. ఎనిమిదేళ్లు ఎట్లాగూ పోతాయి. ఆ తర్వాతన్నా వాడుండడు.

వాళ్లు లోపలికి పోయారు. తలుపు మీద పసుపు దీపం వెలిగింది. తూకం తేలితే పచ్చదీపం రావాలి.

మొదటి ఏడు సుంకన్న కోపంతో గడిపాడు. రెండో ఏడు ఊహలతో. బయట రెండు వారాలంటే లోపల కళ్లు నాలుగైదుసార్లు ఆర్పినంతసేపు. ఆ కొద్దిసేపటిలో ఒకరినొకరు చూసుకున్నారా? ఉగాదికి పచ్చడి చేసుకుంటూ, వాళ్లు ఇంకా పట్టుమని పది గింజలు వేసి ఉండరులే అనుకునేవాడు. నాలుగో ఏడు మోకాళ్లు పట్టేశాయి. మల్లీశ్వరి అప్పుడప్పుడు కొండెక్కి వచ్చి, పసుపు దీపం కేసి చూసి పోయేది. పద్దెనిమిదేళ్లప్పుడు ఒకసారి అతని పక్కన అరుగు మీద కూర్చుంది.

“పెద్దనాయనా, మా నాయన నా మాట ఎప్పుడన్నా చెప్పేవాడా?”

“చెప్పేవాడు.”

“ఏమని?”

“భుజం దాటిందని.”

ఆ పిల్ల తలొంచుకుని నవ్వింది. సుంకన్న లేచి, ఏ పనీ లేకపోయినా గింజల గదిలోకి పోయాడు.

ఎనిమిదేళ్లు నిండాయి. పచ్చదీపం రాలేదు. ఇంకో నాలుగు నెలలు చూశారు. అదీ దాటింది. హైమవతి మేడం ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. దీపం కింద కుర్చీ వేయించుకుని కూర్చుంది.

“రెండో తూకం కుదిరినట్టు లేదు. మళ్లీ మొదలుపెట్టి ఉంటారు” అంది.

“రెండో తూకమా?”

“నీకు చెప్పలేదా? నీ మొగ్గు తర్వాత పెట్టిన పద్ధతి. ఒకసారి తూచాక గింజలన్నీ తీసి, చిప్పలు అటుది ఇటు మార్చి మళ్లీ తూస్తారు. చెయ్యి ఒక పక్కకు మొగ్గితే మొదటిసారి ఎక్కువా రెండోసారి తక్కువా వస్తుంది. రెండూ కలిస్తేనే లెక్క. కలవకపోతే మళ్లీ తూయాలి. కలిసేదాకా.”

సుంకన్నకు మైనం గుర్తొచ్చింది. ఆ గది వెచ్చగా ఉంటుంది. మైనం మెత్తబడుతుంది. మొదటి తూకంలో గింజకు అంటుకుని ఉన్నది రెండో తూకానికి కొంత చిప్పకు అంటుతుంది. మూడోదానికి ఇంకొంత. ఏ రెండూ కలవవు. వాళ్లు మళ్లీ తూస్తారు. మళ్లీ తూస్తారు. ప్రతిసారీ బయట ఎనిమిదేళ్లు.

తొమ్మిదో ఏడు నిండేదాకా నోరు పెగల్లేదు. అన్ని రోజులూ పచ్చదీపం వస్తుందేమోనని చూశాడు. రాలేదు. ఒక మధ్యాహ్నం మేడం కాళ్ల దగ్గర కూర్చుని మొత్తం చెప్పాడు. నాలుగు మాటల్లో అయిపోయింది.

“దారం తెంపితే లోపలివాళ్లు ఏమవుతారో నాకే తెలియదు సుంకన్నా. ఎవరైనా లోపలికి పోయి చెప్పాలి. పోతే, కొత్త గింజలు పట్టుకుపోవాలి.”

“నేను పోతా. నడుమ ముల్లు కింద నిలబడతా. కాటా నడుమ నిలబడినోడి బరువు ఏ చిప్పకూ పోదు.”

“నాకు డెబ్బై రెండు” అంది మేడం. “ఆ అంకె ఏదైనా నేను వినను ఇక. అయినా సరైనదే తెండి.” ముఖం పక్కకు తిప్పుకుంది. “పో. నా కళ్ల ముందు ఉండకు.”

లోపల అతను అనుకున్నదేమీ లేదు.

జనమంతా పోయిన జాతరలో ఇద్దరు మాత్రమే మిగిలితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుందనుకున్నాడు. నవ్వులు, గుసగుసలు. అక్కడ ఇద్దరు మనుషులు ఇరవై అడుగుల దూరంలో, ఒకరి వంక ఒకరు చూడకుండా, ముల్లు వంకే చూస్తూ కూర్చుని ఉన్నారు. ఆమె జాకెట్టు, తిప్పేస్వామి చొక్కా చెమటకు తడిసి ఉన్నాయి. “పది.” “ఇంకొకటి.” “తియ్యి.” అవే మాటలు. ముప్పై నిమిషాలు అట్లా కూర్చున్న మనిషికి పక్కన ఎవరున్నారో కూడా గుర్తుండదు.

అతను గోడ వెంట నడిచి ముల్లు కింద నిలబడ్డాడు. ఓబుళమ్మ తల తిప్పి చూసింది. ఆమె కళ్లల్లో మొదట కోపం, తర్వాత భయం. అరగంట కిందట ఇంకా నలుపున్న మీసంతో తలుపు వేసిన మొగుడు, నెత్తి పూర్తిగా నెరిసి నిలబడి ఉన్నాడు.

“ఎన్నేండ్లయ్యె?” అంది.

“తొమ్మిది.”

“ఏంటికొచ్చినావు?”

గింజల పెట్టె ముందుకు చాపాడు. మేడం కొత్తవి పంపిందని చెప్పొచ్చు. ఒక్క మాటతో పోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“పెద్ద గింజకు మైనం పెట్టినా. నేనే. వాణ్ని తీసేస్తారని.”

ఓబుళమ్మ చూపు చిప్పలోని పెద్ద గింజ మీదికి పోయి వచ్చింది. ఆ ఒక్క చూపుకే బయట ఎంతలేదన్నా రెండు వారాలు పోయి ఉంటాయి.

తిప్పేస్వామి లేచాడు. కొట్టడానికే వచ్చాడనుకున్నాడు సుంకన్న. కొట్టించుకోవడానికి నిలబడ్డాడు కూడా. తిప్పేస్వామి వేళ్లు మాత్రం గాలిలో లెక్క వేస్తున్నాయి.

“ఇరవై మూడు. మల్లికి ఇరవై మూడు బావా?”

“ఆఁ.”

“మళ్లీ తూస్తే ముప్పై ఒకటి. నాకంటే నాలుగేండ్లు పెద్దది.” కాళ్లతో చెప్పులు వెతుక్కున్నాడు. “అక్కా, నేను పోతా. నన్ను తిట్టుకోవద్దు. నేను పోతా.”

“పో నాయనా” అంది ఓబుళమ్మ. “నిలబడద్దు. నువ్వు చెప్పు తొడుక్కునే లోపల ఆయమ్మికి పెండ్లయిపోతాది.”

ఏడుస్తూనే తిప్పేస్వామికి నవ్వొచ్చింది. చెప్పులు అక్కడే వదిలి, గోడ వెంట పరిగెత్తాడు. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కు చూశాడు. సుంకన్నను కాదు, ఆమెను. తర్వాత వెలుతురులోకి పోయి మాయమయ్యాడు.

గింజల చిప్ప ముందు పీట ఖాళీగా ఉంది.

“కూచో” అంది ఆమె.

“నన్నా?”

“ఇంగెవురున్న్యారు ఈడ? తొమ్మిదేండ్లు ఆ మేడం కాచుకున్న్యది. ఊరికే పోయేదాన్ని కాదు. కూచో. నీ చెయ్యి మొగ్గితే రెండోసారి పట్టిస్తాది. అప్పుడు మళ్లీ తూస్తాం. మళ్లీ మొగ్గితే మళ్లీ. అది నిలిచేదాకా నేను లేవను.”

ఇరవై మూడేళ్లుగా అతను కోరుకున్న పీట అది. పక్కన ఎవడూ లేడు. ఆమెకూ తనకూ ఇక ఒకటే నిన్న. మైనం చుక్కతో సంపాదించుకున్నాడు.

కొత్త గింజలు పేర్చాడు. మొదటి తూకం పావుగంట పట్టింది. చెయ్యి వణకలేదు. అలవాటు ఎక్కడికీ పోలేదు. ఆఖరి గింజ దగ్గర వేళ్లు వాటంతట అవే ముందుకు పోతుంటే, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని ఆపాడు. ఆర్నూట పద్దెనిమిది. గింజలన్నీ తీశారు. చిప్పలు మార్చారు. మళ్లీ మొదలు.

మధ్యలో తలెత్తి ఆమెను చూశాడు. నుదుటి మీద చెమట బొట్టు కనుబొమ మీదికి దిగుతోంది. ఆమె తుడుచుకోలేదు. రెప్ప వేయలేదు. ఆమె చూపు ముల్లు మీద ఉంది. పెళ్లినాడు తెర తీసినప్పుడు కూడా ఆమె తనను అట్లా చూడలేదు. తిప్పేస్వామిని అట్లా చూసి ఉండదు. ఇన్నేళ్లూ తాను కుళ్లింది ఎవరి మీద? ఆ పిల్లవాడు ఈ గదిలో పీటకంటే ఎక్కువ కాదు. తనను కాదని ఆమె ఎవరి దగ్గరికి వస్తూ వచ్చిందో అది ఆకాశం అవతల ఎక్కడో చీకట్లో ఉంది. దానికి కళ్లు లేవు. ఈమె తన వైపు చూస్తోందని కూడా దానికి తెలియదు. మనిషి మీదైతే మైనం పూయొచ్చు. దాని మీద ఏం పూస్తాడు?

ఏడు చిన్న గింజలు పడ్డాయి. ముల్లు ఇంకా వెంట్రుకవాసి ఇవతలే ఉంది.

ఎనిమిదో గింజ వేశాడు. ముల్లు కదిలి నడిమికి వచ్చింది. పట్టకారులో తొమ్మిదో గింజ ఉంది. అది ఎప్పుడు తీశాడో అతనికే తెలియదు.

ఇది వేస్తే చిప్ప మొగ్గుతుంది. తూకాలు రెండూ కలవవు. ఆమె లేవదు. మళ్లీ మొదలుపెడుతుంది, ఎన్నిసార్లయినా. ఆమె మాట ఇచ్చింది, నిలిచేదాకా లేవనని. బయట తెలిసినవాళ్లు ఒక్కరూ మిగలకుండా పోతారు. ఆ బస్సు కండక్టర్, మండీ, మల్లీశ్వరి, ఆ నగల అంగడి, అందరూ. లోకంలో ఓబుళమ్మకు తెలిసిన మొహం ఇదొక్కటే మిగులుతుంది. అప్పుడన్నా ఇటు చూడదా?

తప్పు అని కూడా అనరు. చేతి అలవాటు అంటారు.

“తొమ్మిది పడిందా?” అంది ఆమె, చూపు తిప్పకుండా.

అతను గింజను పెట్టెలో వేశాడు. టింగుమని చిన్న చప్పుడైంది.

“లేదు. ఎనిమిదే. సమం.”

ఓబుళమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. ముల్లు రాయిలా నిలిచింది. తలుపు పక్కన పచ్చదీపం వెలిగింది.

“ఆర్నూట పద్దెనిమిది కోట్లు” అంది ఆమె. మళ్లీ అంది, ఈసారి నెమ్మదిగా, బారసాలనాడు బిడ్డ చెవిలో పేరు చెప్పినట్టు. మూడోసారి పెదవులే కదిలాయి.

మొగుడి పేరు నోటితో అనకూడదు. అది వాళ్ల ఊళ్ల పద్ధతి. పెళ్లయినప్పటి నుంచి ఆమె నోట తన పేరు అతను ఒక్కసారీ వినలేదు. ఎప్పుడూ బాధ కలగలేదు. ఇప్పుడు ఒక అంకెను ఆమె అన్న తీరు విన్నాక, తన పేరు ఆ గొంతులో ఎట్లా ఉండేదో ఊహించుకోబోయాడు. ఊహకు రాలేదు.

లేచి, దారం సడలించడానికి పిడి మీద చెయ్యి వేశాడు. మోకాలు కలుక్కుమంది.

“మామా.”

ఆమె పీట మీదే ఉంది. ముఖం అంతా తడి. చెమటో కన్నీళ్లో తెలియడం లేదు.

“ఒగ నిమిషం ఉండనీ” అంది. “ఒక్క నిమిషమే. చూసుకోని వస్తా.”

బయట అది వంద రోజులు. అక్కడ మేడం బతికి ఉంటే ఎనభై ఏళ్లు. ఇంక ఎన్ని వందల రోజులున్నాయో తెలియదు.

సుంకన్న పిడి మీద చెయ్యి అట్లాగే ఉంచి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.